ఊపిరిపేట

గోడ పండిపోయిందని మీటరు చూపించినప్పుడు డాక్టర్ వైదేహి ముందుగా మీటరునే అనుమానించింది. దాన్ని అరచేత్తో రెండు దెబ్బలు వేసి, మళ్లీ గోడకు ఆనించింది. మళ్లీ అదే అంకె. నూటికి నూరు.

"చెడిపోయిందామ్మా?" అంది దీనమ్మ గుమ్మంలోంచి, భయంగా. ఆ ఇల్లు ఆమెది. ఇల్లంటే ఒక గది, గది ముందు మూరెడు అరుగు.

"మీటరు బాగానే ఉంది. మా లెక్కలే చెడిపోయాయి," అని నవ్వింది వైదేహి. "ఏడాదిన్నర పట్టాల్సిన గోడ ఎనిమిది నెలలకే పండింది. పేట మొత్తానికి నీదే మొదటి ఇల్లు."

దీనమ్మ ఆ మాట పూర్తిగా విననే లేదు. లోపలికి పరిగెత్తి, మూలన గోడకు జారబడి కూర్చున్న అత్తగారు సౌరమ్మ చెవిలో అరిచింది. "అత్తా, పండిందంట! మన ఇల్లు పండిందంట!" ముసలమ్మ కాసేపు దేవుణ్ణి తలుచుకుని, మరికాసేపు కోడల్ని తిట్టింది, చెవిలో అంత గట్టిగా అరిచినందుకు.

వైదేహి తాళంచెవితో గోడ మీద గీరింది. ఎనిమిది నెలల క్రితం ఇదే గోడలో గోరు జున్నులోకి దిగినట్టు దిగేది. ఇప్పుడు తాళంచెవి జారిపోయింది తప్ప గీత పడలేదు.

సున్నం గాలిలోంచి బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లగా రాయి అవుతుందన్న సంగతి కోటలు కట్టిన మేస్త్రీల కాలం నుంచీ ఉన్నదే. కాకపోతే దానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. వైదేహి తన వయసులో సగం ప్రయోగశాలలో కరగబెట్టి, ఆ సున్నంలో బతికే ఒక సూక్ష్మజీవిని పెంచింది. మనిషి వదిలిన ఊపిరంటే దానికి మహా ప్రీతి. దాన్ని మట్టీ సున్నంలో కలిపి గోడ పోస్తే, ఆ గదిలో కాపురం ఉన్నవాళ్ల ఊపిరి తాగుతూ గోడ గట్టిపడుతుంది. సిమెంటు అక్కర్లేదు, ఇటుకబట్టీ అక్కర్లేదు. మనుషులుంటే చాలు.

మనుషులుంటే చాలన్న ఆ ఒక్క ముక్క సర్కారు ఇళ్ల పథకం అధికారులకు తెగ నచ్చింది. అంతకుముందు ఇళ్లు తీసుకున్నవాళ్లు వాటిని అద్దెకిచ్చేసి మళ్లీ ఫుట్‌పాత్ మీదికే వచ్చారని వాళ్ల బాధ. ఎందుకొచ్చారో వాళ్లు అడగలేదు, అది వేరే సంగతి. ఇక్కడ మాత్రం కాపురం ఉన్నదీ లేనిదీ గోడే చెప్పేస్తుంది. అందుకని గోడ నూరు చూపించాకే పట్టా అని రూలు పెట్టారు. వైదేహి తల ఊపింది. తన గోడలు ఊళ్లో నిజంగా లేస్తాయంటే ఆవిడ ఆ రోజుల్లో దేనికైనా తల ఊపేదే.

అలా బెజవాడలో ఫ్లైఓవరు కింద బతికిన అరవై కుటుంబాలకు ఊరి బయట ఇళ్లు పోశారు. కాగితాల్లో ఆ కాలనీకి ఏదో పెద్ద పేరుంది. ఆటోవాళ్లు మాత్రం ఊపిరిపేట అంటారు.

"ఇంత తొందరగా ఎలా పండించావో ఆ కిటుకు నాకూ చెప్పు," అంది వైదేహి.

దీనమ్మ ఎదురింటి ఎస్తేరు వైపు చూసింది. ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

"బదులు పెట్టుకున్నామమ్మా," అంది ఎస్తేరు. "మా ఊళ్లో నాట్లప్పుడు అట్టాగే చేసేవాళ్లం. ఇయ్యాళ అందరం నీ చేలో, రేపు అందరం నా చేలో. ఇదీ అంతే. చీటీలేస్తే మొదట దీనమ్మ పేరొచ్చింది. పనిలేనోళ్లంతా పగలు ఈడే కూర్చున్నాం, రాత్రిళ్లు ఈడే పడుకున్నాం. ఇంక మా ఇంటి వంతు."

"అంతమంది ఒక్క గదిలో ఉంటే ఊపిరాడిందా?"

"ఏం కాలేదమ్మా. మీ గోడ తాగేస్తది గదా!"

వైదేహికి ఒళ్లు పులకరించింది. ఊపిరిని బదులు పెట్టుకోవడం! ఏ సదస్సులో చెప్పినా చప్పట్లు మోగుతాయి. పైకప్పు కింద గాలి కోసం తను పెట్టించిన రెండు కంతల్లోనూ రంగురంగుల చీరముక్కలు కుక్కి ఉండటం ఆమె చూడకపోలేదు. అవేమిటని అడిగింది కూడా.

"దోమలమ్మా," అంది దీనమ్మ.

వైదేహి నమ్మింది. సంతోషంలో ఉన్న మనిషి ఎవరేం చెప్పినా నమ్ముతుంది మరి. పరీక్ష కోసం గోడలోంచి చిన్న బిళ్ల కోసుకుని బయల్దేరుతుంటే, దీనమ్మ కారు దాకా వచ్చింది.

"రేపు మా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నామమ్మా. మీరూ రండి. పట్టా చేతికొస్తే బ్యాంకోళ్లు లోను ఇస్తామన్నారు. పునుగుల బండి పెట్టుకుంటా. ఇన్నాళ్లూ ఒకళ్ల బండి కాడ ప్లేట్లు కడిగా. ఇంక నా బండి, నా మూకుడు."

ఆదివారం పొద్దున్నుంచీ ముసురు. ప్రయోగశాలలో వైదేహి, ఆమె సహాయకుడు ఫణీంద్ర తప్ప ఎవరూ లేరు. ఫణీంద్ర దీనమ్మ ఇంటి బిళ్లను గాజుపెట్టెలో పెట్టి, గొట్టంలోంచి గట్టిగా ఊపిరి ఊది, మూత బిగించాడు. ఎప్పుడూ అయితే కాసేపట్లో పెట్టె మీటరు సూది దిగజారేది. గోడ ముక్క ఊపిరిని తాగేస్తోందని దాని అర్థం. ఇవాళ సూది ఎక్కిన చోటే కూర్చుంది.

"సూది పట్టేసినట్టుందండీ," అని పక్కన ఉన్న పచ్చి బిళ్ల మార్చి చూశాడు. సూది టక్కున దిగింది. మళ్లీ దీనమ్మ ఇంటి బిళ్ల పెట్టాడు. కదల్లేదు.

"సూదికేం కాలేదు మేడమ్. దీనికే కడుపు నిండింది. ఇక తాగదు," అన్నాడు నవ్వుతూ. "పండటమంటే అదేగా!"

పండటమంటే అదే. సున్నమంతా రాయి అయ్యాక ఆ సూక్ష్మజీవి చచ్చిపోతుందనీ, గోడ మామూలు రాతిగోడే అవుతుందనీ వైదేహి స్వయంగా రాసిపెట్టిన సంగతే. తెలిసిన సంగతిని ఒక గదితోనూ, ఆ గదిలో కూర్చున్న మనుషులతోనూ కలిపి చూడలేదంతే. ఇప్పుడు ఆమెకు కంతల్లోని చీరముక్కలు కళ్లముందు కనిపించాయి. దోమలకు కాదు. ఒక్క ఊపిరి కూడా బయటికి పోయి వృథా కాకుండా. ఇన్నాళ్లూ గోడ తాగేసింది కాబట్టి వాళ్లకేమీ కాలేదు. గోడ తాగడం మానేసింది. గదిలో ఇవాళ కూడిక.

దీనమ్మకు ఫోను చేసింది. ఎత్తలేదు. ఆమె భర్త యేసోబుకు చేసింది. ఎత్తలేదు. ఫణీంద్ర గొడుగు తెచ్చేలోపే ఆమె తడుస్తూ కారెక్కింది, అతనూ పరిగెత్తుకొచ్చి పక్కన కూర్చున్నాడు. దారి పొడుగునా తనకు తెలిసిన దేవుళ్లందరినీ, దీనమ్మ కొలిచే దేవుణ్ణి కూడా, బతిమాలుకుంటూనే ఉంది.

పేటలో వీధి నిర్మానుష్యంగా ఉంది. దీనమ్మ ఇంటి తలుపు మూసి, వాన నీళ్లు రాకుండా దాని కింద సందులో గోనెపట్టా తొక్కి ఉంది. లోపల్నుంచి పాట వినిపిస్తోంది. అది వినపడగానే వైదేహికి ప్రాణం లేచొచ్చింది, దగ్గరకెళ్లి విన్నాక మళ్లీ జారిపోయింది. పాటలో గొంతులు తక్కువ, రొప్పులు ఎక్కువ. పాట పాడితే ఊపిరి ఎక్కువ వస్తుందని, రేపట్నుంచి ఎస్తేరు ఇంట్లో పాడటానికి ఇదే మంచి అలవాటని అనుకుని, పొద్దున్నించీ ఆపకుండా పాడుతున్నారట. ఆ సంగతి తరువాత తెలిసింది.

ఆమె తలుపు బాదింది. యేసోబు తీశాడు. నిలబడ్డవాడు నిలబడ్డట్టే గుమ్మం పట్టుకుని కుంగిపోయాడు. లోపలి గాలి వేడిగా, బరువుగా ఆమె మొహానికి కొట్టింది.

"బయటికి రండి! అందరూ బయటికి! పిల్లల్ని ఎత్తండి ముందు!"

పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతున్నారు. అది నిద్ర కాదని వాళ్ల అమ్మలకు తెలియదు. పాటకి అలిసిపోయారనుకున్నారు. ఫణీంద్ర, వైదేహి, కాళ్ల మీద నిలబడగలిగిన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కలిసి పిల్లల్ని వానలోకి మోశారు. వాన మొహాన పడేసరికి ఒక్కొక్కళ్లే ఏడుపు మొదలెట్టారు. పిల్లల ఏడుపు విని వైదేహి అంత సంతోషపడింది ఆ ఒక్కసారే. చివరికి గదిలో ఒక్క సౌరమ్మ మిగిలింది. తన మూలలో, గోడకు జారబడి, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. వైదేహి ఆమె మణికట్టు పట్టుకుని చాలాసేపు చూసింది. ఆ చేతిలో నాడి లేదు.

ఆసుపత్రి వరండాలో పథకం అధికారి వరదరాజులు ఆమెను పక్కకు పిలిచాడు. ఆయన చెడ్డవాడు కాడు. తన పని సాఫీగా జరిగిపోవాలనుకునే మనిషి, అంతే.

"డెబ్భై దాటిన మనిషండీ. గుండె ఆగింది. మిగతావాళ్లకు జనం ఎక్కువై కళ్లు తిరిగాయి. డాక్టర్లూ అదే అంటున్నారు."

"గాలి కంతలు మూసేశారు వరదరాజులు గారూ."

"మూసేశారని మీరన్నారో, ఇంటి కట్టడం చెడగొట్టినట్టు లెక్క. షరతు ప్రకారం ఆ ఇల్లు రద్దు. ముసలామె పోయింది, ఇల్లు కూడా పోవాలంటారా? వచ్చేవారం మొదటి పట్టా ఫంక్షను. ఆలోచించుకోండి."

సమాధుల తోట నుంచి వచ్చాక దీనమ్మ కూడా అదే అడిగింది. ఆమె వైదేహి చేతులు రెండూ పట్టుకుంది.

"గుడ్డల సంగతి చెప్పకండమ్మా. మీ కాళ్లు పట్టుకుంటా. మా అత్త పొద్దస్తమానం అందులో కూర్చుని సంపాదించిందమ్మా ఆ ఇల్లు. ఆమె పాయె. ఇల్లూ పోతే ఇంక ఆమె చేసిందేంది?"

వైదేహి చెప్పలేదు. అడిగినవాళ్లకు గుండె ఆగిందనే చెప్పింది. దానికి తనలో తాను జాలి అని పేరు పెట్టుకుంది. ఆ జాలి వెనకాల తన ఇన్నేళ్ల పని, తన గోడలు, తన పేరు కూడా నక్కి కూర్చున్నాయని ఆమెకు తెలుసు. తెలిసీ ఊరుకుంది. అన్నం సహించలేదు, నిద్ర పట్టలేదు. పట్టకపోవడం న్యాయమే.

ఫంక్షను ముందురోజు షామియానా ఎక్కడ వేయాలో చూపించమని వరదరాజులు కబురు పెడితే పేటకు వెళ్లింది. ఎస్తేరు ఇంటి తలుపు మూసి ఉంది. పైకి చూసింది. కంతల్లో చీరముక్కలు. తలుపు తట్టి లోపలికెళితే గదినిండా జనం. గోడలకు జారబడి ముసలివాళ్లు, మధ్యలో పిల్లలు, ఎస్తేరు ఒళ్లో పాలు తాగే బిడ్డ.

"ఎస్తేరూ, ఆ గుడ్డలు తీసెయ్యి. ప్రమాదం."

"సౌరమ్మత్తకి గుండె జబ్బమ్మా. మీరే గదా చెప్పింది." ఎస్తేరు నెమ్మదిగానే అంది. "మాకెవరికీ గుండె జబ్బు లేదు."

"గాలి ఆడాలి. గోడ నిదానంగా పండితే ఏం పోతుంది?"

"మీకు నిదానమమ్మా. పట్టా లేనిదే నా మొగుడికి ఆటో ఫైనాన్సు ఇవ్వరంట. అడ్రసు లేనోళ్లకి ఇస్తే ఏడ పట్టుకుంటాం అంటన్నారు. ఇంకొన్ని నెలలంతే."

ఎస్తేరు గోడ మీటరు ఎంతో వైదేహి చూడనక్కర్లేదు, అది నూరు చూపించిన రోజున ఏమవుతుందో ఆమెకు తెలుసు. తన అబద్ధం ఈ గదిలో కూర్చుని ఉంది, పిల్లాపాపలతో సహా. ఈ పేటకు వచ్చి ఎన్నిసార్లు చెప్పినా వీళ్లు కంతలు మూస్తూనే ఉంటారు. పండితేనే పట్టా అన్న రూలు పోవాలి. ఆ రూలే ఒక మనిషిని చంపిందని ఒప్పుకుంటే తప్ప అది పోదు.

వీధి దాటి దీనమ్మ ఇంటికెళ్లింది. దీనమ్మ బియ్యం కడుగుతోంది. యేసోబు ఇంకా మార్కెట్టు నుంచి రాలేదు.

"దీనమ్మా, నేను నిజం చెప్పేస్తాను. పండిన గోడ ఊపిరి తాగదనీ, కంతలు మూస్తే మనుషులు పోతారనీ. చెప్పకపోతే ఎస్తేరు ఇంట్లోనూ ఇదే జరుగుతుంది." "చెబితే నీ ఇల్లు పోతుంది. అడ్డుపడతాను. ఆగుతుందని మాత్రం మాటివ్వలేను."

దీనమ్మ చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది.

"ఊపిరి పోస్తే ఇల్లొస్తదని చెప్పింది మీరే గదమ్మా," అంది. "ఉన్నదంతా పోశాం. ఇంకేం పొయ్యమంటారు?"

వైదేహి గోడకు చెయ్యి ఆనించింది. చల్లగా, నున్నగా, దేనికీ చలించకుండా ఉంది. తను పెంచిన గోడ మీదే ఆమెకు అసహ్యం పుట్టింది.

"ఎస్తేరు బిడ్డ లోపలే ఉందా?" అంది దీనమ్మ.

"ఉంది."

దీనమ్మ లేచింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వీధి దాటింది, వెనకే వైదేహి. ఎస్తేరు ఇంటి ముందున్న నీళ్ల డ్రమ్మెక్కి, కంతలోంచి చీరముక్క పట్టి లాగింది. అది గట్టిగా కుక్కి ఉంది, రాలేదు. రెండు చేతులతో లాగితే ఒక్కసారిగా ఊడొచ్చి ఆమె కింద పడబోయింది. లోపల్నుంచి జనం కేకలేస్తూ బయటికొచ్చారు.

"ఏందే దీనమ్మా, నీది పండింది గదా అని మాది చెడగొడతన్నావా?" అంది ఎస్తేరు.

"మా అత్త గుండాగి చావలేదే!" దీనమ్మ అరుపుకి వీధి వీధంతా ఆగిపోయింది. "నేను కుక్కిన గుడ్డలకి చచ్చింది. పండిన గోడ తాగదంట. మన ఊపిరే మనల్ని చంపుద్దంట. ఇల్లు పోద్దని నేనే ఈ అమ్మ నోరు నొక్కా. ఇనండి, ఈ చేతుల్తో కుక్కా!"

షామియానా గుంజలు పాతుతున్నవాళ్లు విన్నారు. వాళ్ల పక్కనే నిలబడ్డ వరదరాజులూ విన్నాడు. దీనమ్మ ఆయన్ని చూసింది. చూసి కూడా ఆగలేదు. పక్కింటి కంతలోని గుడ్డ లాగడానికి డ్రమ్ము దొర్లించుకుంటూ వెళ్లింది.

ఆ తరువాత జరగాల్సినవి జరిగాయి. విచారణలో వైదేహి తన మాట, తన మౌనం రెండూ ఒప్పుకుంది. పండితేనే పట్టా అన్న రూలు ఎత్తేశారు. గోడలు పచ్చివైనా సరే పేటలో అందరికీ పట్టాలిచ్చారు, కంతల స్థానంలో కిటికీలు పెట్టారు. దీనమ్మ ఇల్లు రద్దయింది. ఆమె ఒక్కతే తన నోటితో నేరం ఒప్పుకుందట. వైదేహి కాళ్లరిగేలా తిరిగింది, ఒకచోట అరిచింది, ఇంకోచోట ఏడ్చింది కూడా. షరతు షరతే అన్నారు. గట్టిగా అడిగేసరికి ప్రాజెక్టులోంచి ఆమెనూ తప్పించారు.

తాళం అప్పజెప్పే రోజున దీనమ్మ సామాను ఎస్తేరు ఇంటి అరుగు మీదికి చేరింది. ఎస్తేరే మోసింది. ప్రాజెక్టు పోయినా వైదేహీ ఆ రోజు వచ్చింది. బ్యాంకు లోను తన పేరున తీసుకుని బండి పెడతాననీ, మూకుడు దగ్గర దీనమ్మే కూర్చోవాలనీ, లాభం చెరిసగమనీ ఎస్తేరు అందరి ముందూ అంది.

వరదరాజులు గదంతా చూసి, వేలి కణుపులతో గోడ మీద కొట్టాడు. ఖంగుమంది. "పేట మొత్తానికి గట్టి ఇల్లు ఇదేనండీ," అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

దీనమ్మ తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, మూలకు వెళ్లింది. అత్తగారి వీపు ఆనిన చోట గోడ కొంచెం నునుపు తేలి ఉంది. అక్కడ అరచెయ్యి పెట్టింది.

"ఈ గోడలో ఉన్నదంతా మనుషుల ఊపిరే గదమ్మా?" అని వైదేహిని అడిగింది. "ఇందులో మా అత్తది ఎంతుంటది?"

వైదేహి ఆ లెక్క ఎప్పుడో వేసుకుంది. వేసుకోకుండా ఉండలేకపోయింది. అందరూ వచ్చి పోయేవాళ్లు, ముసలమ్మ ఒక్కతే పగలూ రాత్రీ అక్కడే ఉంది.

"మూడో వంతు ఉంటుంది," అంది.

దీనమ్మ తలాడించింది. గోడ మీద చెయ్యి తీసింది.

"అయితే మీరు ఎవరికన్నా ఇచ్చుకోండి. మూడో వంతు మాత్రం మాది," అని ఎదురింటికి వెళ్లిపోయింది.

వరదరాజులు తాళంచెవి పట్టుకుని అయోమయంగా చూశాడు. "ఏమంటుందండీ ఆవిడ?"

"వాటా అడుగుతోంది," అంది వైదేహి.